మీకు తెలుసా? స్టీలు గిన్నెలో సూదిబెజ్జం

నాకు వంట నేర్పేటప్పుడు అమ్మ చెప్పిన మొదటి జాగ్రత్తల్లో ఒకటి: స్టీలు గిన్నెలో చన్నీళ్ళు పోసి, ఉప్పు వేసి, అలా వదిలెయ్యకు. ఎసరు కాగాక వేసి గరిటెతో కలుపు. ఎందుకమ్మా అంటే అడుగున మచ్చలు పడతాయనేది. నేను వినలేదు. ఒక రాత్రి కొత్త గిన్నెలో నీళ్ళు పోసి గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి పడుకున్నాను. పొద్దున చూస్తే అడుగున ఉప్పు రాళ్ళు కూర్చున్న చోటల్లా ఆవగింజకన్నా చిన్న చుక్కలు. చింతపండుతో తోమాను, బూడిదతో తోమాను. పోలేదు. పోవు కూడా. అవి మచ్చలు కావు, చిల్లులు. ఇంకా అవతలి పక్కకు చేరని చిల్లులు.

ఆ చుక్కల వెనక ఎంత పెద్ద శాస్త్రం ఉందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలిసిన సంగతులు కొన్ని ఈసారి.

మచ్చా, గుంటా? నిమ్మచెక్క చెబుతుంది

గిన్నె అడుగున కనిపించే తెల్ల చుక్కలన్నీ గుంటలు కావు. బోరు నీళ్ళలోని సున్నం పేరుకున్నా తెల్లగానే కనిపిస్తుంది. నిమ్మచెక్కతో రుద్దితే సున్నం కరిగి పోతుంది, గుంట ఉండిపోతుంది. ఇలా లోహం ఒకచోట మాత్రమే కరిగి లోతుకు దిగడాన్ని ఇంజినీర్లు పిట్టింగ్ అంటారు. మనం గుంటల తుప్పు అనుకోవచ్చు. మామూలు ఇనుము తుప్పు పడితే ఒళ్ళంతా ఎర్రబడుతుంది, కంటికి కనబడుతుంది, బరువు తగ్గుతుంది. గుంటల తుప్పులో గిన్నె తళతళలాడుతూనే ఉంటుంది. బరువు తూచినా తేడా తెలియదు. వంటింటి గిన్నెకు ఇది చాలావరకు అందానికి వచ్చిన లోపమే. పైపుకో, రసాయనాల ట్యాంకుకో వస్తే మాత్రం తొంభైతొమ్మిది పాళ్ళు బాగున్న రేకు ఒక్క బెజ్జంతో పనికిరాకుండా పోతుంది.

అమ్మ మాటలో ఉన్న విజ్ఞానం ఇదీ: కరగని ఉప్పురాయి చుట్టూ క్లోరైడు చిక్కగా చేరుతుంది, దాని కిందికి ఆక్సిజన్ సరిగా అందదు. అదే మరిగే నీళ్ళలో అయితే ఉప్పు అడుక్కి చేరేలోపే కరిగి అంతటా పరుచుకుంటుంది. పైగా మరిగే నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్ కూడా తక్కువ. గుంటను నడిపించడానికి చుట్టూ ఉన్న నీటిలోని ఆ ఆక్సిజనే ఇంధనం.

స్టీలుకు కళాయి ఎవరు వేస్తారు?

ఇత్తడి గిన్నెల రోజుల్లో వీధిలోకి కళాయి వేసేవాడు వచ్చేవాడు. తగరం పూత పోతే పులుసు చిలుమెక్కుతుంది కాబట్టి ప్రతి ఇంటికీ అతనితో పని ఉండేది. స్టీలు వచ్చాక అతను కనుమరుగయ్యాడు. కానీ కళాయి పోలేదు. స్టీలు తన కళాయిని తానే వేసుకుంటుంది.

ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే, గాలిలోని ఆక్సిజన్‌తో అది కలిసి పైన ఒక పొర కడుతుంది. దాని మందం ఒకటి నుంచి మూడు నానోమీటర్లు. ఆ పొర మందాన్ని ఒక మిల్లీమీటరుకు పెంచి చూపిస్తే, అదే లెక్కన మిల్లీమీటరు మందం గిన్నె గోడ సుమారు అర కిలోమీటరు అవుతుంది. అంత పలచని పొరే గిన్నె ఆయుష్షును మోస్తోంది.

దానికి ఇంకో గుణం ఉంది. గీత పడితే తనంతట తానే మళ్ళీ కట్టుకుంటుంది. మన ఇళ్ళలో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కిస్తాం కదా. కొట్లో కూర్చోబెట్టి, మిషనుతో చుక్కలు చుక్కలుగా, ఇంటిపేరుతో సహా. పెళ్ళిలో పెట్టిన బిందె మీద నలభై ఏళ్ళ కిందటి తేదీ ఇవాళ్టికీ మెరుస్తూనే ఉంటుంది, ఆ అక్షరాల్లో తుప్పు కనిపించదు. చెక్కిన ప్రతి చుక్క దగ్గరా పాత పొర తెగిపోయింది, మిషను సూది పైకి లేచేలోపే కొత్త పొర మొదలైంది. ఇనుప గొళ్ళేనికి రంగు వేసి, ఆ రంగు మీద ఒక గీత గీసి చూడండి. వర్షాకాలం గడిచేసరికి తేడా తెలుస్తుంది.

ఇలాంటి పొర ఒకటి ఉండవచ్చని చూడకుండానే ఊహించిన మనిషి మైకేల్ ఫారడే. 1836లో స్విట్జర్లాండులోని షోన్‌బైన్, గాఢ నత్రికామ్లంలో ముంచిన ఇనుము కరగకుండా మొండికేస్తోందని ఆయనకు ఉత్తరం రాశాడు. కంటికి కనపడని ఆక్సైడు పూత ఏదో ఉండాలని ఫారడే అభిప్రాయపడ్డాడు. ఆ పూతను లోహం నుంచి విడదీసి చూపించడానికి 1927 దాకా పట్టింది. కేంబ్రిడ్జిలో ఉలిక్ ఎవాన్స్ అనే ఆయన ఆ పని చేశాడు. ఊహకూ రుజువుకూ మధ్య తొంభై ఏళ్ళు.

ఈ ఉక్కు బయటపడింది మైక్రోస్కోపు బల్ల మీదే

1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతున్నాడు. ఆగస్టులో 12.8 శాతం క్రోమియంతో ఒక పోత పోయించాడు. ఉక్కు లోపలి నిర్మాణాన్ని మైక్రోస్కోపులో చూడాలంటే ముందు ముక్కను నునుపు చేసి, దాని మీద ఆమ్లం తగిలించి కొద్దిగా కరగనివ్వాలి. అప్పుడే రేణువుల అంచులు తేలి కనబడతాయి. ఈ ముక్క మాత్రం ఆమ్లానికి లొంగలేదు. మైక్రోస్కోపు కింద చూడటానికి వీల్లేకుండా పోయిందనే చికాకులోంచే, ఇది తుప్పు పట్టదన్న సంగతి బయటపడింది. షెఫీల్డ్ కత్తులకు పేరుమోసిన ఊరు కాబట్టి ఆయన మనసు వెంటనే వంటింటి వైపు వెళ్ళింది. వెనిగరు, నిమ్మరసం పోసి చూశాడు. ఇవాళ మన వంటిళ్ళలో ఎక్కువగా వినిపించే నికెల్ కలిసిన రకానికి పూర్వరూపం మాత్రం జర్మనీలో పుట్టింది. క్రుప్ కంపెనీలో బెన్నో స్ట్రాస్, ఎడ్వర్డ్ మౌరర్ 1912లోనే దానికి పేటెంటు తీసుకున్నారు.

గుంటలో ఉండేది నిమ్మరసంకన్నా పుల్లన

గిన్నెలో పోసింది ఉప్పునీళ్ళు. గుంటలో తయారయ్యేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఎక్కడి నుంచి వచ్చింది?

పొర ఒకచోట తెగి, ఏ కారణం చేతనో మళ్ళీ కట్టుకోలేదనుకుందాం. అక్కడ ఇనుమూ క్రోమియమూ అయాన్లుగా నీటిలోకి దిగుతాయి. క్రోమియం అయాను నీటి అణువును విరిచి దానిలోంచి హైడ్రోజన్ అయానును వదులుతుంది. పులుపు అంటే అదే. లోపల ధనావేశం పోగవుతుంది కాబట్టి, దాన్ని సరిదూచడానికి బయటి నీటిలోంచి క్లోరైడు లోపలికి వస్తుంది. ఆమ్లం పెరిగితే పొర కట్టుకోవడం ఇంకా కష్టం, లోహం ఇంకా కరుగుతుంది, ఇంకా ఆమ్లం, ఇంకా క్లోరైడు. అలా పెరిగి పెరిగి గుంటలోని ద్రవం పీహెచ్ ఒకటి దగ్గరికో, అంతకన్నా కిందికో దిగుతుంది. నిమ్మరసం పీహెచ్ సుమారు రెండు. పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు. బయట గిన్నెలోని నీళ్ళు మాత్రం మామూలు ఉప్పునీళ్ళుగానే ఉంటాయి.

నన్ను బాగా కలవరపెట్టిన సంగతి ఇంకొకటి. గుంటకు శక్తినిచ్చేది చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన పొరే. గుంటలో లోహం వదిలిన ఎలక్ట్రాన్లను, బయటి విశాలమైన ఉపరితలం మీద ఆక్సిజన్ అందుకుంటుంది. అందుకునే చోటు గిన్నె అంత, ఇచ్చే చోటు సూదిమొన అంత. గిన్నెంత కరెంటు భారం అంత చిన్నచోటు మీద పడితే అది లోతుకు పోక ఏం చేస్తుంది?

చెద పట్టిన గుమ్మం

చెదలు గుమ్మాన్ని తినేటప్పుడు రంగు పొరను వదిలేస్తాయి. బయటికి గుమ్మం నిక్షేపంలా ఉంటుంది. వేలితో నొక్కితే లోపలికి పోతుంది. స్టీలులో గుంటది కూడా ఇదే పద్ధతి. పైకి కనిపించేవి రెండు మూడు సన్నని రంధ్రాలు, లోపల గుహ. లోహాన్ని లోపలి నుంచి పక్కలకు తినుకుంటూ పోయి, మధ్యమధ్య పైకి వచ్చి రేకును పొడుస్తుంది. మిగిలిన పైరేకు జల్లెడలా వేలాడుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని లేసు మూత అంటారు. లేసు అల్లిక లాగే ఉంటుంది.

ఆ మూత ఊరికే మిగిలిపోయిన తుక్కు కాదు. లోపలి ఆమ్లం బయటికి కారిపోకుండా కాపాడుతుంది. అన్నం ఉడికేటప్పుడు మూత పెట్టినట్టు, గుంట తన వేడిని కాదు గానీ తన పులుపును నిలబెట్టుకుంటుంది. పైనుంచి చూసే ఏ మైక్రోస్కోపుకూ ఈ గుహ పూర్తిగా కనిపించదు. అందుకే బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఆలిసన్ డావెన్‌పోర్ట్ బృందం వేరే దారి పట్టింది. స్విట్జర్లాండులోని సింక్రోట్రాన్ కేంద్రానికి వెళ్ళి, సన్నని స్టీలు పుల్లను ఉప్పునీటిలో ఉంచి, గుంట పెరుగుతుండగానే శక్తిమంతమైన ఎక్స్‌రేలతో అన్ని వైపుల నుంచీ చిత్రాలు తీసింది. ఆస్పత్రిలో తలకు సీటీ స్కాన్ తీసినట్టే, కొలత మాత్రం మైక్రాన్లలో. 2011లో అచ్చైన ఆ చిత్రాల్లో గుంట ముందు గిన్నె ఆకారంలో ఉండి, తరవాత పక్కలకు తొలుచుకుపోవడం, పైన జల్లెడ మూత ఏర్పడటం వరసగా కనిపిస్తాయి.

ఎక్కువ గుంటలు పసికందులుగానే చనిపోతాయి

ఉప్పునీటిలో ఉంచిన స్టీలు ముక్కకు సున్నితమైన కరెంటు మీటరు కలిపి కూర్చుంటే, ముల్లు ఉన్నట్టుండి చిన్నగా లేచి మళ్ళీ పడిపోతుంటుంది. ప్రతి కదలికా ఒక గుంట పుట్టి చచ్చిపోయిన ఆనవాలు. మూత ముందుగానే పగిలిందా, లోపలి ఆమ్లం బయటి నీటిలో కలిసి పలచబడుతుంది, పొర మళ్ళీ కట్టుకుంటుంది, గుంట ఆగిపోతుంది. కేంబ్రిడ్జిలో బర్స్టీన్, పిస్టోరియస్ 1992లో ఈ అల్పాయుష్షు గుంటల మీద చేసిన పని ఇప్పటికీ ఈ రంగంలో అందరూ మొదట చదివేదే.

అయితే కొన్నిసార్లు ఒక్కసారిగా ముక్కంతా గుంటలు లేస్తాయి. ఎందుకో 2004లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వ్యాసం చూపించింది. బెర్లిన్‌లోని ఫ్రిట్జ్ హేబర్ సంస్థ, అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉపరితలాన్ని ఉప్పునీటిలో ఉండగానే మైక్రోస్కోపుతో కనిపెట్టి చూశారు. ఒక గుంట పుడితే దాని చుట్టుపక్కల పొర కొంత బలహీనపడుతుంది, అక్కడ ఇంకో గుంట పుట్టడం సులువవుతుంది. మశూచి ఊళ్ళో పాకినట్టు. ఒక హద్దు దాటేవరకు అక్కడొకటి ఇక్కడొకటి, దాటాక ఊరంతా.

నేరస్తుడి కోసం నలభై ఏళ్ళ వేట

ఇంతకీ మొదటి చిల్లు ఎక్కడ పడుతుంది? అంత పకడ్బందీగా తనను తాను కట్టుకునే పొర ఫలానా చోటే ఎందుకు ఓడిపోతుంది? ఈ ఒక్క ప్రశ్న కోసం వాడిన కళ్ళన్నీ చెప్పాలంటే మైక్రోస్కోపుల చరిత్ర చెప్పినట్టే. నాకు ఈ కథంటే ఎంతో ఇష్టం కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

మొదటి అనుమానం గంధకం మీద. ఉక్కు కాచేటప్పుడు గంధకాన్ని ఎంత తీసేసినా కొద్దిగా మిగులుతుంది. మన వంటిళ్ళలో ఎక్కువగా వినిపించే, నికెల్ కలిసిన 304 రకంలో అది 0.03 శాతం మించకూడదని ప్రమాణం. ఆ మిగిలిన గంధకం మాంగనీసుతో కలిసి, ఉక్కు గడ్డకట్టేటప్పుడు చిన్న చిన్న పలుకులుగా విడిపోతుంది. బియ్యంలో మట్టిగడ్డల్లా. రేకును సాగదీసినప్పుడు ఇవి కూడా సాగి నూలుపోగుల్లా అవుతాయి. వీటి పరిమాణం కొన్ని మైక్రాన్లు. మామూలు మైక్రోస్కోపులో బాగానే కనిపిస్తాయి. గుంటలు వీటి పక్కనే మొదలవుతున్నాయని 1970ల నాటికే ఈ రంగంలో అందరికీ తెలుసు. స్వీడన్‌కు చెందిన వ్రాంగ్లెన్ 1974లోనే దీన్ని వివరంగా రాశాడు.

ఇక్కడో చిన్న పక్కమాట. లేత్ పనివాళ్ళకు గంధకం శత్రువు కాదు, స్నేహితుడు. స్టెయిన్‌లెస్ స్టీలును లేత్ మీద కోస్తే జిడ్డుగా సాగి, తీగల్లా చుట్టుకుంటుంది. గంధకపు పలుకులు ఉంటే తరుగు ముక్కలు ముక్కలుగా విరిగి పడుతుంది. అందుకే 303 అనే రకంలో కావాలనే కనీసం 0.15 శాతం గంధకం కలుపుతారు. నట్లు, బోల్టులు తిప్పడానికి హాయి. అదే నట్టు సముద్రం పక్కన బిగిస్తే ముందుగా గుంటలు పడేదీ అదే.

సరే, పలుకు పక్కన అన్నాం. కచ్చితంగా పలుకులోనా, పలుకు అంచునా, అంచు అవతలి ఉక్కులోనా? కాంతితో చూసే మైక్రోస్కోపుకు 200 నానోమీటర్లకన్నా చిన్న తేడా విడిగా కనబడదు. కాంతి తరంగమే అంత పెద్దది మరి. 1931లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా కాంతికి బదులు ఎలక్ట్రాన్లను వాడి ఈ గోడను దాటే దారి చూపారు. ఆ దారిలో వచ్చిన యంత్రాలు 1990ల నాటికి ఈ ప్రశ్నకు సరిపడేంత పదునెక్కాయి.

2002లో ‘నేచర్’ పత్రికలో లండన్ నుంచి ఒక వ్యాసం వచ్చింది. మేరీ రయాన్, డేవిడ్ విలియమ్స్, వారి సహచరులు. సన్నని అయాన్ పుంజంతో ఉపరితలం మీది పరమాణువులను ఒక్కోచోటా చిమ్మి, ఆ చిమ్మినవాటిని తూచి, ఏ చోట ఏ మూలకం ఎంత ఉందో పటం గీశారు. పలుకు చుట్టూ ఉన్న ఉక్కులో ఒక సన్నని వలయం మేర క్రోమియం తక్కువగా ఉందన్నారు. పలుకు చల్లారుతూ పక్క ఉక్కులోని క్రోమియాన్ని లాగేసుకుందన్నమాట. కళాయి సామాను లేని చోట కళాయి ఎలా పడుతుంది? దశాబ్దాల చిక్కుముడి వీడిందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి.

మరుసటి ఏడాదే, అదే పత్రికలో, అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి జెరాల్డ్ ఫ్రాంకెల్ బృందం సమాధానం వచ్చింది. వాళ్ళు వేరే ఉక్కు నమూనాలు తీసుకుని వేరే పద్ధతిలో అంచులను చూశారు. వలయం కనిపించలేదు. 2005లో జర్మనీ నుంచి ష్ముకి బృందం కూడా కనిపించలేదనే చెప్పింది. అయాన్లతో చిమ్మించే పద్ధతిలో ఒక చిక్కు ఉంది: పరమాణువు ఎంత సులువుగా ఊడివస్తుందన్నది దాని చుట్టూ ఏముందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. సల్ఫైడు పక్కన ఉన్న క్రోమియమూ, ఉక్కు మధ్యలో ఉన్న క్రోమియమూ ఒకేలా ఊడిరావు. యంత్రం చూపించే పటం ఎంత స్పష్టంగా ఉన్నా, ఆ పటం దేన్ని కొలుస్తోందో అడగాలి. ఈ తగువు నాకు గొప్ప పాఠంలా అనిపిస్తుంది. రెండు పక్షాల వాళ్ళూ గౌరవనీయులే, రెండు పక్షాల యంత్రాలూ మంచివే. అదే పత్రిక, ఏడాది తేడాతో, రెండు మాటలకూ చోటిచ్చింది.

తరవాతి అడుగు చైనాలోని షెన్‌యాంగ్‌లో పడింది. అక్కడి లోహ పరిశోధన సంస్థలో మా బృందం, అంటే మా అనే ఇంటిపేరున్న ఆచార్యుడి బృందం, ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఓపికగా ఒక పని చేసింది. స్టీలును ఎలక్ట్రాన్లు దూసుకుపోయేంత పలచగా కోసి, ఒక సల్ఫైడు పలుకును ఎంచుకుని ఫొటో తీశారు. ముక్కను బయటికి తీసి కాసేపు ఉప్పునీటిలో ముంచారు. మళ్ళీ మైక్రోస్కోపులో పెట్టి అదే పలుకును వెతికి పట్టుకుని ఫొటో తీశారు. అలా మళ్ళీ, మళ్ళీ. పలుకు అంచు నుంచి కరుగుతుందనుకుంటే, అది ఒక్కోసారి నడిమధ్య నుంచి కరగడం మొదలైంది. కరుగుతున్న చోట చూస్తే, పలుకు లోపల ఇంకో నలుసు. మాంగనీసు, క్రోమియం, ఆక్సిజన్ కలిసిన స్ఫటికం, ఎనిమిది ముఖాలతో, నానోమీటర్లలో కొలిచేంత చిన్నది. ఆ నలుసు తాను కరగదు. తన చుట్టూ ఉన్న సల్ఫైడు కరగడాన్ని మాత్రం ఎగదోస్తుంది. 2010లో ఇది అచ్చైంది. బియ్యంలో మట్టిగడ్డ అనుకున్నాం, మట్టిగడ్డలో ఇసుక రేణువు దొరికింది.

కథ అక్కడా ఆగలేదు. అసలు పలుకులే లేని లోహమైతే? అదే సంస్థ పరిశోధకులు ఇనుముకు 15 శాతం క్రోమియం, 15 శాతం నికెల్ కలిపిన ఒకే స్ఫటికాన్ని తీసుకుని, దాని మీది పొరను అడ్డంగా కోసి చూశారు. ఇందుకు వాడింది కటకాల లోపాలను సవరించిన కొత్త తరం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. ఒక నానోమీటరులో పదోవంతును కూడా విడదీసి చూపగలదు, అంటే పక్కపక్కనున్న పరమాణువుల వరసలు విడివిడిగా కనబడతాయి. పొర అంతా ఒకే తీరుగా లేదు. క్రమం లేని ఆక్సైడు మధ్య చిన్న చిన్న స్ఫటికాలు పొదిగి ఉన్నాయి. ఆ స్ఫటికాల అంచుల వెంట క్లోరైడు కిందికి దిగి, పొర అడుగుకు, లోహం సరిహద్దుకు చేరిపోయింది. ఆ సరిహద్దు చదునుగా ఉండవలసింది అలలు అలలుగా ఉబ్బింది. 2018లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన ఆ చిత్రాలను చూస్తే, గోడ ఇటుకల సందుల్లోంచి చెమ్మ దిగి లోపలి సున్నం ఉబ్బడం గుర్తొస్తుంది.

నికెల్‌కు సున్నా మార్కులు

గుంటలను తట్టుకునే శక్తికి ఇంజినీర్లు ఒక లెక్క కడతారు. క్రోమియం శాతం ఎంతో అంత, మాలిబ్డినం శాతానికి 3.3 రెట్లు, నైట్రోజన్ శాతానికి 16 రెట్లు, అన్నీ కూడాలి. 304 రకానికి 18 నుంచి 20 వస్తుంది. రెండు శాతానికి పైగా మాలిబ్డినం ఉన్న 316 రకానికి సుమారు 24. సముద్రపు నీటిలో పనిచేసే సూపర్ డ్యూప్లెక్స్ రకాలకు 40 దాటుతుంది. నికెల్ ఖరీదైనది, ఉక్కుకు సాగే గుణాన్నిచ్చేది. ఈ లెక్కలో మాత్రం దానికి చోటే లేదు.

పాత్రల కొట్లో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలు అని చెబుతారు. నికెల్ తగ్గించి మాంగనీసు చేర్చిన 200 శ్రేణి రకాలు మన దేశంలో పాత్రలకు విరివిగా వాడతారు. వాటికీ అయస్కాంతం అంటుకోదు. వాటిలో చాలావాటికి క్రోమియం 304 కన్నా తక్కువే. అయస్కాంతానికి ఆ తేడా తెలియదు, ఉప్పుకు తెలుస్తుంది.

వాన తగలని రెయిలింగు

విశాఖలో బీచ్ దగ్గరి ఇళ్ళ బాల్కనీ రెయిలింగులను గమనించండి. వాన నేరుగా తగిలే భాగం శుభ్రంగా ఉండి, పైకప్పు నీడలో ఉన్న భాగం మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు ఉంటాయి. మనం అనుకునేదానికి తలకిందులు. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పును వాన కడిగేస్తుంది. వాన తగలని చోట ఉప్పు పేరుకుని, రాత్రి చెమ్మను పీల్చి, చిక్కని ఉప్పునీరుగా అంటుకుని ఉంటుంది. గరుకుగా సాన పట్టిన గొట్టం మీద ఉప్పు ఇంకా బాగా నిలుస్తుంది. నున్నగా మెరిపించినదే మేలు.

కొత్త ఇంట్లో ఇంకో ప్రమాదం ఉంది. నేల మీద సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడుగుతారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నేల మీద పోసినా దాని ఆవిరి ఇల్లంతా తిరిగి, వంటింటి సింకు మీద, కుళాయిల మీద దిగుతుంది. గృహప్రవేశం నాటికే గోధుమ చుక్కలు వచ్చాయంటే సింకు నకిలీదని దుకాణదారుతో గొడవ పెట్టుకునే ముందు, నేల దేనితో కడిగారో అడగండి. బ్లీచింగు నీళ్ళు సింకులో నిలవ ఉంచినా ఇదే జరుగుతుంది. ఇనుప పీచుతో తోమితే వచ్చే ఎర్రచుక్కలు మాత్రం చాలావరకు గిన్నెవి కావు, విరిగి అంటుకున్న పీచు ముక్కలవి.

ఊస్టర్, 1985

స్విట్జర్లాండులోని ఊస్టర్ పట్టణంలో ఇంటిలోపలి ఈతకొలను మీది కాంక్రీటు కప్పును స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో వేలాడదీశారు. 1985 మే నెలలో ఆ కప్పు కూలి 12 మంది చనిపోయారు. కట్టి పదమూడేళ్ళే. కొలను నీటిలోని క్లోరిన్ గాలిలోకి లేచి కడ్డీల మీద క్లోరైడుగా పేరుకుంది. కడ్డీలు అప్పటికే బరువుతో లాగుడులో ఉన్నాయి. ఇది గుంటల తుప్పుకు తోబుట్టువు లాంటిది, క్లోరైడూ లాగుడూ కలిసి పగులు తెచ్చే తుప్పు. చాలాసార్లు పగులుకు మొదలు ఒక గుంటే. పైకప్పు లోపలివైపు ఉండే ఆ కడ్డీలు ఎవరికీ కనిపించవు. ఆ దుర్ఘటన తరవాతే ఈతకొలనుల కప్పులకు వాడే స్టీలు విషయంలో ఇంజినీర్ల ఆలోచన మారింది.

చూసే వెలుగే కాల్చితే?

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోపల శూన్యం ఉండాలి. గాలి ఉంటే ఎలక్ట్రాన్లు దారి తప్పుతాయి. నీటి చుక్క పెడితే క్షణంలో ఆవిరైపోతుంది. తుప్పేమో నీళ్ళు లేనిదే జరగదు. షెన్‌యాంగ్‌లో ముంచి తీసి, ముంచి తీసి చూడాల్సి వచ్చింది అందుకే.

ఇప్పుడు దీనికి ఒక ఉపాయం వచ్చింది. సిలికాన్ నైట్రైడుతో చేసిన, కొన్ని పదుల నానోమీటర్ల మందం ఉన్న రెండు కిటికీల మధ్య ఉప్పునీటిని పలచని పొరగా బంధించి, అందులో లోహాన్ని పెట్టి, లోపలికి ఎలక్ట్రాన్లను పంపుతారు. గుంట పుట్టే క్షణాన్ని పుడుతుండగానే చూడవచ్చని ఆశ. కానీ ఎలక్ట్రాన్ పుంజం నీటి అణువులను చీల్చేస్తుంది. ఆ చీలికల్లోంచి హైడ్రోజన్ పెరాక్సైడు లాంటివి పుట్టి, లోహం మీద తామే దాడి చేస్తాయి. తెర మీద కనిపించిన గుంట ఉప్పు వల్ల వచ్చిందా, చూడటం వల్ల వచ్చిందా? అందుకే ఈ పని చేసేవాళ్ళు పుంజాన్ని వీలైనంత తగ్గిస్తారు. అదే నీటిలో, అదే ఉక్కులోంచి కోసిన ఇంకో ముక్కను పుంజం తగలకుండా చీకట్లో ఉంచుతారు. చివర్లో రెండింటినీ పక్కపక్కన పెట్టి, చీకట్లో ఉన్నదానికి కూడా అలాంటి గుంటే పడిందో లేదో చూసుకున్నాకే వ్యాసం రాయడానికి కూర్చుంటారు.